నడుమున దాచిన పిస్తోలు: అమెరికాలో ఆయుధధారుల దైనందిన జీవితం

లోడు చేసిన చేతితుపాకీని చొక్కా కిందనో, కోటు లోపలనో, హ్యాండ్‌బ్యాగులోనో పక్కవారికి కనబడకుండా పెట్టుకుని జనం మధ్య తిరగడాన్ని అమెరికాలో ‘కన్సీల్డ్ క్యారీ’ అంటారు. ఇది పోలీసులకో, కాపలా ఉద్యోగులకో పరిమితమైన పని కాదు. ప్లంబర్లు, నర్సులు, దుకాణదారులు, రిటైరైన గుమాస్తాలు తమ ఇష్టంతో, తమ ఖర్చుతో చేస్తున్నారు. జాతీయ సర్వేల ఆధారంగా వైద్య పరిశోధకులు వేసిన అంచనాల ప్రకారం 2015లో దాదాపు 30 లక్షల మంది వయోజనులు రోజూ లోడు చేసిన చేతితుపాకీతో బయటికి వెళ్లేవారు. 2019 నాటికి ఆ సంఖ్య 60 లక్షలకు చేరింది. నెలలో ఒక్కసారైనా అలా వెళ్లినవారు 90 లక్షల నుంచి కోటీ 60 లక్షలకు పెరిగారు. దీని మీద జరిగే వాదోపవాదాలన్నీ తుపాకీ పేలిన ఆ కొద్ది క్షణాల చుట్టూ తిరుగుతాయి: దుండగుణ్ణి ఆపిందా, అమాయకుణ్ణి చంపిందా అని. కానీ తుపాకీ పెట్టుకు తిరిగేవారిలో చాలామంది జీవితకాలంలో ఒక్కసారి కూడా దాన్ని మనిషి మీదికి ఎత్తరు. వారు బతికేదంతా తుపాకీ ఎత్తని రోజుల్లోనే. ఏం తొడుక్కోవాలి, ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏం తాగాలి, ఎవరితో ఎంతవరకు మాట పెంచుకోవాలి అనే ప్రతి నిర్ణయంలో ఆ ఇనుప ముక్క వాటా అడుగుతుంది. ఆ వాటాను ఓపిగ్గా చెల్లించినవారి దగ్గర తుపాకీ కొంతవరకు భద్రమైన వస్తువు. చెల్లించనివారి దగ్గర అదే తుపాకీ వారికీ, ఇంట్లోవారికీ, దారినపోయేవారికీ ప్రమాదం. గత 40 ఏళ్లలో అమెరికా చట్టాలు తుపాకీని చేతికందేలా చేస్తూ వచ్చాయి, దాని వెంట నడవాల్సిన క్రమశిక్షణను అడగడం మాత్రం క్రమంగా మానేశాయి. ఈ వ్యాసం వాదన అదే.

ఆయుధాన్ని దాచుకు తిరగడం అమెరికన్ సంప్రదాయంలో మొదటినుంచీ గౌరవం పొందిన అలవాటేమీ కాదు. 1813లో కెంటకీ, లూయిజియానా రాష్ట్రాలు దాచిన ఆయుధాల మీద నిషేధం తెచ్చాయి. ఆ శతాబ్దంలో బాహాటంగా తుపాకీ ధరించేవాడు మర్యాదస్తుడు, దాచుకునేవాడు పొంచి ఉండి చంపే రకం అన్న భావన దక్షిణాది న్యాయస్థానాల తీర్పుల్లో కూడా కనబడుతుంది. 1911లో న్యూయార్క్ తెచ్చిన సలివన్ చట్టం చేతితుపాకీకి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం పోలీసు అధికారి విచక్షణకే వదిలేశారు. పలుకుబడి ఉన్నవాడికి దొరికేది, లేనివాడికి దొరికేది కాదు. ఆ ఏర్పాటును సమర్థించడం కష్టం. 1987లో ఫ్లోరిడా ఈ పద్ధతిని తిరగేసింది: నేరచరిత్ర లేక, శిక్షణ పూర్తిచేసిన వయోజనుడికి అనుమతి ఇచ్చి తీరాలి. మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ఆ దారి పట్టాయి. టెక్సస్‌లో మార్పు వెనుక ఒక ఘోరం ఉంది. 1991 అక్టోబరు 16న కిలీన్ పట్టణంలోని లూబీస్ ఫలహారశాలలో ఒక దుండగుడు 23 మందిని కాల్చి చంపాడు. కళ్లముందే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న సుజానా హప్, అప్పటి చట్టానికి భయపడి తన రివాల్వర్‌ను కారులో వదిలి లోపలికి వెళ్లానని ఊరూరా తిరిగి చెప్పారు. 1995లో టెక్సస్ చట్టం మారింది. ఆమె తర్వాత రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 2013లో ఇల్లినాయ్ కూడా దారికొచ్చాక దాచిన ఆయుధాన్ని పూర్తిగా నిషేధించిన రాష్ట్రమే లేకుండా పోయింది. 2022 జూన్‌లో బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు, తుపాకీ ధరించే అనుమతి కావాలంటే ప్రత్యేక కారణం చూపాలన్న న్యూయార్క్ నిబంధనను కొట్టేసి, ఇంటి బయట ఆయుధం ధరించడం రాజ్యాంగ హక్కని తేల్చింది.

హక్కు వచ్చాక దాన్ని ఒంటి మీద మోయాలి. బాగా ప్రచారంలో ఉన్న గ్లాక్ 19 పిస్తోలు తూటాలతో కలిపి 850 గ్రాముల దాకా తూగుతుంది. మామూలు బెల్టుకు తగిలిస్తే ప్యాంటు ఒక పక్కకు జారుతుంది. అందుకని రెండు పొరల తోలుతోనో, లోపల గట్టి పట్టీతోనో చేసిన బెల్టు కొనాలి. తుపాకీని పట్టి ఉంచే తొడుగు (హోల్‌స్టర్) ప్యాంటు లోపలి వైపు దిగుతుంది కాబట్టి నడుము కొలత ఒక సైజు పెంచుకోవాలి. బిగుతు చొక్కాలు, టకింగులు పోయి, గళ్లో పువ్వులో ఉన్న వదులు చొక్కాలు వస్తాయి. తుపాకీ పిడి ఆకారం బట్ట మీద తేలడాన్ని ఈ లోకంలో ‘ప్రింటింగ్’ అంటారు, గళ్ల చొక్కా దాన్ని కప్పేస్తుంది. కింద పడింది తీయాలంటే నడుము వంచకూడదు, వంచితే వెనుక పిడి పొడుచుకొస్తుంది. మోకాళ్లు మడిచి కూర్చుని తీయాలి. సూపర్‌మార్కెట్ పైఅర అందుకోవాలంటే చొక్కా పైకి లేవకుండా రెండో చెయ్యి వాడాలి. నడుము ముందు భాగంలో పెట్టుకుంటే కారు నడుపుతున్నంతసేపూ పొత్తికడుపులో గుచ్చుకుంటుంది, వెనుక పక్కన పెట్టుకుంటే సీటు బెల్టుకు అడ్డం. హ్యూస్టన్‌లోనో మయామీలోనో ఆగస్టు ఉక్కలో కోటు వేసుకోవడం కుదరదు. 2018లో సిగ్ సావర్ కంపెనీ తెచ్చిన పీ365 లాంటి చిన్న పిస్తోళ్లు అంతగా అమ్ముడుపోవడానికి కారణం ఈ ఇబ్బందే. ఆడవాళ్ల బట్టలకు బెల్టూ ఉండదు, జేబూ ఉండదు; పొట్ట చుట్టూ చుట్టే ఎలాస్టిక్ పట్టీయో, తుపాకీ కోసం ప్రత్యేక అర ఉన్న హ్యాండ్‌బ్యాగో దిక్కు. హ్యాండ్‌బ్యాగును పక్కన పెట్టకుండా ఎవరూ రోజు గడపలేరు, చిక్కంతా అక్కడే.

ఈ అవస్థను చిన్న విషయంగా తీసేయడం తప్పు. ప్రమాదాలు పుట్టేది ఈ చిన్న పనుల్లోనే. తుపాకీని తిరిగి హోల్‌స్టర్‌లో దించేటప్పుడు జాకెట్టు అంచున వేలాడే నాడా ట్రిగ్గర్ గార్డులోకి దూరితే, తుపాకీ కిందికి నొక్కేకొద్దీ ఆ నాడాయే ట్రిగ్గర్‌ను లాగుతుంది. తూటా తొడలోకి దిగుతుంది. అందుకే నాడాలు కత్తిరించెయ్యమని, హోల్‌స్టర్ నోటిని కళ్లతో చూసుకుంటూ నెమ్మదిగా దించమని శిక్షకులు మళ్లీ మళ్లీ చెబుతారు. మరుగుదొడ్డి ఇంకో గండం. బెల్టు వదులు చేయగానే బరువుకు తుపాకీ వేలాడుతుంది. కొందరు తీసి టిష్యూ కాగితాల పెట్టె మీదో, తలుపు కొక్కేనికో పెడతారు, ఫోను మోగితే మరిచి వెళ్లిపోతారు. 2015లో వాషింగ్టన్‌లోని పార్లమెంటు భవన సముదాయంలో భద్రతా సిబ్బందే మరుగుదొడ్లలో తుపాకులు మరిచిపోయారు, అందులో ఒకటి ఒక పిల్లవాడి కంటబడింది. ఉద్యోగరీత్యా శిక్షణ పొంది, రోజూ మోసేవారి చేతుల్లోనే ఇలా జరిగితే, వారానికోసారి సరదాగా పెట్టుకునేవారి సంగతి వేరే చెప్పాలా.

ఒంటి తర్వాత ఊరు. తుపాకీ మోసేవారికి ఊరి పటం మనం చూసే పటం కాదు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లోకి తుపాకీ నిషిద్ధం. పోస్టాఫీసుకైతే లోపలికే కాదు, దాని పార్కింగు స్థలానికీ ఆ నిషేధం వర్తిస్తుంది. పాఠశాల చుట్టూ 1,000 అడుగుల మేర కేంద్ర చట్టం గీసిన వలయం ఉంది. ఆ రాష్ట్ర అనుమతి ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది, అనుమతి పత్రం లేకుండా తిరిగేవారికి లేదు. టెక్సస్‌లో ఒక దుకాణదారు తుపాకులు వద్దనుకుంటే, చట్టంలో నిర్దేశించిన వాక్యాన్నే ఇంగ్లిషులోనూ స్పానిష్‌లోనూ అంగుళం ఎత్తు అక్షరాలతో బోర్డు కట్టాలి. ఆ బోర్డును సెక్షన్ అంకెతోనే ‘30.06’ అని పిలుస్తారు, తలుపు తీసేముందు దానికోసం వెతకడం అక్కడివారికి అలవాటు. న్యూయార్క్‌లో 2022 సెప్టెంబరు నుంచి అమలైన చట్టం సబ్‌వే, టైమ్స్ స్క్వేర్, పార్కులు, ప్రార్థనాలయాల వంటి ‘సున్నిత స్థలాల’ పెద్ద జాబితా ఇచ్చింది. దాని మీద కోర్టుల్లో వరస వ్యాజ్యాలు నడిచాయి. రాష్ట్రం దాటితే చట్టమే మారుతుంది. 2013లో పెన్సిల్వేనియా అనుమతి ఉన్న ఒక తల్లి పక్కనే ఉన్న న్యూజెర్సీలోకి కారులో వచ్చి, పోలీసు ఆపగానే తుపాకీ ఉందని తానే చెప్పింది. ఆ అనుమతి న్యూజెర్సీలో చెల్లదు. ఏళ్ల జైలుశిక్ష మెడ మీద వేలాడింది. 2015లో గవర్నరు క్షమాభిక్షతో బయటపడింది. విమానాశ్రయాల లెక్క మరీ ఆశ్చర్యం. 2023లో తనిఖీ కేంద్రాల్లో ప్రయాణికుల చేతిసామానులో 6,737 తుపాకులు పట్టుబడ్డాయి, వాటిలో 93 శాతం లోడు చేసినవి. పట్టుబడినవారు ఎక్కువగా చెప్పే మాట, బ్యాగులో ఉన్న సంగతి మరిచిపోయామని. ఆ మాట చాలావరకు నిజమే అయ్యుండాలి, భయపెట్టేదీ అదే. అలవాటైన కొద్దీ ఏ వస్తువైనా ధ్యాసలోంచి జారిపోతుంది. ఈ వస్తువు ధ్యాసలోంచి జారకూడదు.

నిషిద్ధ స్థలానికి వెళ్లాలంటే తుపాకీని ఎక్కడో వదలాలి, ఆ ఎక్కడో సాధారణంగా కారే. సీటు కింద ఉక్కు తీగతో బిగించిన చిన్న లాకర్ పెట్టుకోవడం జాగ్రత్తపరుల పద్ధతి. గ్లవ్ బాక్సులో పడేసి తలుపు వేసుకుపోవడం ఎక్కువమంది పద్ధతి. అమెరికాలో ఇప్పుడు తుపాకుల దొంగతనాలకు ఇళ్లకంటే కార్లే పెద్ద వనరుగా మారాయి. ఆ తుపాకీ చట్టబద్ధంగా కొన్నదే, యజమాని మంచివాడే. ఆ రాత్రి నుంచి అది ఎవరి చేతిలో ఉంటుందో ఆయనకు తెలియదు. తుపాకీ మోయడం వ్యక్తిగత వ్యవహారమన్న వాదన ఈ ఒక్క విషయం దగ్గరే నిలబడదు.

ఇంతకంటే లోతైన మార్పు మనసులో జరుగుతుంది. శిక్షణ తరగతుల్లో జెఫ్ కూపర్ పేరు తరచు వినబడుతుంది. సైనికాధికారిగా పనిచేసి తుపాకీ శిక్షకుడైన ఆయన మనిషి అప్రమత్తతను తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు అని రంగుల్లో విభజించాడు. తెలుపంటే పరాకు; ఆయుధధారి ఇల్లు దాటగానే పసుపులో ఉండాలి. అంటే హోటల్లో తలుపు కనబడేలా గోడకు వీపు పెట్టి కూర్చోవడం, పెట్రోలు బంకులో చేతులు జేబుల్లో ఉన్నవాణ్ణి గమనించడం, పార్కింగులో కారెక్కేముందు చుట్టూ చూడటం. సోషియాలజిస్టు జెనిఫర్ కార్ల్‌సన్ మిషిగన్‌లో తుపాకీ మోసే మగవారి మధ్య పరిశోధించి 2015లో ఒక పుస్తకం ప్రచురించారు. కార్ల పరిశ్రమ కుదేలై, సంపాదించి పోషించేవాడిగా గౌరవం తగ్గిన చోట, కాపాడేవాడిగా గౌరవం వెతుక్కోవడం ఈ అలవాటులో ఉందని ఆమె చూపారు. ఏంజెలా స్ట్రౌడ్ టెక్సస్‌లో చేసిన పరిశోధనలో ‘మంచివాడు’, ‘చెడ్డవాడు’ అన్న విభజన ఎంత సులువుగా జాతి, పేట, వేషం మీదికి మళ్లుతుందో కనబడుతుంది. ప్రయోగశాలలోనూ దీనికి దగ్గరి సాక్ష్యం ఉంది: 2012లో జెస్సికా విట్, జేమ్స్ బ్రాక్‌మోల్ ప్రచురించిన ప్రయోగాల్లో, చేతిలో తుపాకీ పట్టుకున్నవారు తెరమీది మనిషి చేతిలోనూ తుపాకీ ఉందని పొరబడటం పెరిగింది; చేతిలో బంతి ఉంటే అలా జరగలేదు, తుపాకీ పక్కన ఉంటే చాలదు, చేతిలో ఉండాలి. నడుమున ఉన్న తుపాకీకి ఈ ఫలితం యథాతథంగా అతుకుతుందని చెప్పలేం. అయినా ఆయుధం కంటిచూపును కూడా వంచగలదని తెలిశాక, అప్రమత్తత ఎప్పుడూ మేలే చేస్తుందని నమ్మడం కష్టం.

మంచి శిక్షకులకు ఈ ప్రమాదం తెలుసు. అందుకే వారి పాఠాల్లో గురి కంటే నిగ్రహం గురించి ఎక్కువ ఉంటుంది. తుపాకీ ఉన్న రోజు మద్యం ముట్టకు. రోడ్డు మీద ఎవడో అడ్డంగా దూరి తిడితే తల దించుకుని పోనివ్వు. పార్కింగు స్థలం కోసం పోట్లాడకు. రాత్రి 2 గంటలకు ఏటీఎంకు వెళ్లకు. నీ నోటి నుంచి వచ్చిన దుర్భాషతో మొదలైన గొడవ కాల్పులతో ముగిస్తే, ఆత్మరక్షణ అన్న నీ వాదన కోర్టులో నిలవకపోవచ్చు. ఈ జాబితాను ఎవరైనా ఒకసారి నిదానంగా చదివితే ఒక సంగతి తడుతుంది: ఇవన్నీ తుపాకీ లేకపోయినా మనిషిని కాపాడే అలవాట్లే. తుపాకీ మోసే ఉత్తముణ్ణి కాపాడుతున్నదాంట్లో పెద్ద భాగం తుపాకీ కోసం అతడు నేర్చుకున్న శాంతం. ఆ శాంతం నేర్వనివారికి తుపాకీ ఒక్కటే మిగులుతుంది, అదీ కోపం వచ్చినప్పుడు చేతికి అందేంత దగ్గర్లో.

పోలీసు ఆపినప్పుడు ఈ నిగ్రహం కూడా చాలకపోవచ్చు. మిషిగన్‌లో అనుమతి ఉన్నవారు తమ దగ్గర తుపాకీ ఉందని వెంటనే చెప్పాలి. ఒహాయోలో 2022 నుంచి అడిగితేనే చెప్పాలి. చేతులు స్టీరింగు మీద ఉంచి, నెమ్మదిగా మాట్లాడి, చెప్పకుండా దేన్నీ అందుకోవద్దని అన్నిచోట్లా నేర్పుతారు. 2016 జులై 6న మిన్నెసోటాలోని ఫాల్కన్ హైట్స్‌లో పోలీసులు ఆపిన ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి యువకుడు తన దగ్గర తుపాకీ ఉందని మర్యాదగా చెప్పాడు. ఆయనకు అనుమతి ఉంది. కొన్ని సెకన్లలో ఆ అధికారి కాల్చి చంపాడు. కారులో స్నేహితురాలూ, ఆమె నాలుగేళ్ల కూతురూ ఉన్నారు. మరుసటి ఏడాది జ్యూరీ అధికారిని నిర్దోషిగా వదిలేసింది. చట్టం అందరికీ ఒకే హక్కు ఇచ్చినా, ఆ హక్కును ఒంటి మీద మోయడానికి అయ్యే ఖరీదు ఒంటి రంగును బట్టి మారుతోందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సాయంత్రం తుపాకీ ఇంటికొస్తుంది. అసలు లెక్క అక్కడ ఉంది. 2022లో అమెరికాలో తుపాకులతో చనిపోయిన 48 వేల మందికి పైగా మనుషుల్లో సగానికి మించినవి ఆత్మహత్యలు. కాలిఫోర్నియాలో రెండు కోట్లకు పైగా వయోజనులను ఏళ్ల తరబడి పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చేతితుపాకీ ఉన్న మగవారు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే ప్రమాదం, లేనివారితో పోలిస్తే దాదాపు 8 రెట్లు. ఆడవారిలో 35 రెట్లు. అదే పరిశోధక బృందం 2022లో చూపిన మరో ఫలితం: తుపాకీ లేకుండా, తుపాకీ యజమానితో కలిసి ఉంటున్నవారు హత్యకు గురయ్యే ప్రమాదం రెండు రెట్లకు పైగా ఉంది. ఇవి తుపాకీ స్వంతదారుల లెక్కలు, రోజూ మోసేవారివే కావు. అయితే రోజూ మోసే తుపాకీ ఎప్పుడూ లోడు చేసే ఉంటుంది, ఎప్పుడూ చేతికి దగ్గర్లోనే ఉంటుంది. ప్రమాదం పెరగడానికే తప్ప తగ్గడానికి అందులో కారణం కనబడదు. 2014 డిసెంబరులో ఇడాహోలోని హేడెన్ పట్టణంలో ఒక యువతి తన రెండేళ్ల కొడుకును షాపింగ్ బండిలో కూర్చోబెట్టి వాల్‌మార్ట్‌లో నడుస్తోంది. హ్యాండ్‌బ్యాగు బాబు పక్కనే ఉంది. అందులో తుపాకీ కోసమే కుట్టిన జిప్పు అర ఉంది. బాబు జిప్పు తీశాడు. ఆమెకు అనుమతి ఉంది, తుపాకులతో చిన్ననాటి నుంచి పరిచయం ఉంది. ఒక్క తూటాతో అక్కడికక్కడే చనిపోయింది.

ఇంత ధర చెల్లించి తెచ్చుకున్న భద్రత ఎంత అన్నది న్యాయమైన ప్రశ్న. 2023లో ప్యూ సంస్థ సర్వేలో తుపాకీ స్వంతదారుల్లో 72 శాతం ఆత్మరక్షణను ప్రధాన కారణంగా చెప్పారు. వారి భయాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. వెంటాడి బెదిరించే మాజీ భర్త ఉన్న స్త్రీకి కోర్టు ఉత్తర్వు ఒక కాగితం మాత్రమే. ఆ ఉత్తర్వును పోలీసులు అమలు చేసి తీరాలన్న రాజ్యాంగ హక్కు బాధితురాలికి లేదని 2005లో క్యాజిల్ రాక్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. 2022 మే నెలలో టెక్సస్‌లోని ఉవాల్డే బడిలో దుండగుడి కాల్పులకు పిల్లలు చనిపోతుంటే పోలీసులు 77 నిమిషాలు వరండాలో ఆగిపోయారు. ఆ ఏడాది జులై 17న ఇండియానాలోని గ్రీన్‌వుడ్ మాల్‌లో ముగ్గుర్ని చంపిన దుండగుణ్ణి, 22 ఏళ్ల యువకుడు తన పిస్తోలుతో 40 గజాల దూరం నుంచి 15 సెకన్లలో పడగొట్టాడు. అనుమతి అవసరం లేదన్న ఇండియానా చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి 17 రోజులే. అతనికి పోలీసు శిక్షణ గానీ సైనిక శిక్షణ గానీ లేదు. ఈ ఉదాహరణ ఈ వ్యాసం వాదనకు ఎదురు నిలుస్తుంది, దాన్ని దాటవేయకూడదు. అతడు బతికించిన ప్రాణాలు నిజం. కానీ అతనికి తాత దగ్గరుండి గురి నేర్పాడు, అతనిలో ఆ నిబ్బరం ఉంది; ప్రతి ఇంట్లో అలాంటి తాత ఉంటాడన్న నమ్మకం మీద చట్టం నిలబడలేదు. అంతకు ఏడాది ముందు కొలరాడోలోని అర్వాడాలో కూడా ఒక పౌరుడు, పోలీసును చంపిన దుండగుణ్ణి తన తుపాకీతో కాల్చి ఆపాడు. తర్వాత ఆ దుండగుడి రైఫిల్ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే పరుగెత్తుకొచ్చిన మరో పోలీసుకు కనబడింది రైఫిల్ పట్టుకున్న మనిషి. ఆ సాహసి పోలీసు తూటాకు చనిపోయాడు.

విడి ఘటనలు ఎటైనా చూపిస్తాయి కనుక మొత్తం లెక్క చూడాలి. 1997లో జాన్ లాట్, డేవిడ్ మస్టర్డ్ అనే పరిశోధకులు అనుమతులు సులువు చేసిన చోట హింసానేరాలు తగ్గాయని ప్రకటించారు; తర్వాతి ఏడాది లాట్ రాసిన పుస్తకం తుపాకీ పక్షానికి ఆధారగ్రంథమైంది. 2004లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ సంఘం ఆ గణాంకాలన్నీ తిరగేసి, ఈ చట్టాలు నేరాన్ని తగ్గించాయని గానీ పెంచాయని గానీ తేల్చలేమంది, ఒక సభ్యుడు విభేదించాడు. 2019లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ డోనహ్యూ బృందం ఇంకా ఎక్కువ ఏళ్ల సమాచారంతో, చట్టం వచ్చిన పదేళ్లకు హింసానేరాలు అది లేకపోతే ఉండే స్థాయి కంటే 13 నుంచి 15 శాతం ఎక్కువగా ఉన్నాయని అంచనా వేసింది. ఆత్మరక్షణకు తుపాకీ వాడిన సందర్భాల లెక్క ఇంకా గజిబిజి: 1995లో గ్యారీ క్లెక్, మార్క్ గెర్ట్స్ ఏడాదికి 25 లక్షలన్నారు; ప్రభుత్వ నేరబాధితుల సర్వే నుంచి తేలేది ఒక లక్షకు అటూఇటూ. టెలిఫోను సర్వేలో చెప్పిన మాటకూ, జరిగినదానికీ మధ్య ఎంత దూరముంటుందో ఈ తేడాయే చెబుతుంది. ఇక తుపాకీ పక్షం వేసే బలమైన ప్రశ్న ఒకటుంది: అనుమతి ఉన్నవారు నేరాల్లో శిక్షపడేది సాధారణ జనాభా కంటే చాలా తక్కువ కదా? టెక్సస్ ప్రభుత్వం ఏటా ప్రచురించిన లెక్కలు ఈ మాటను బలపరుస్తాయి. ఒప్పుకోవలసిందే. అయితే వారు దరఖాస్తు పెట్టి, వేలిముద్రలిచ్చి, తరగతిలో కూర్చుని, కాల్చి చూపించి వచ్చినవారు. ఆ సత్ప్రవర్తన అనుమతి విధానం సాధించిన ఫలితం. దాన్నే ఆధారంగా చూపి ఆ విధానాన్ని ఎత్తేయమనడం కుదరదు.

అమెరికాలోని తెలుగువారికి ఇది దూరపు చర్చ కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథాలో ఒక బారులో ఇద్దరు తెలుగు ఇంజినీర్లను దూషించినందుకు బయటికి పంపించేసిన మనిషి తుపాకీతో తిరిగొచ్చి కాల్చాడు, ఒకరు చనిపోయారు. నిరాయుధంగా అడ్డుపడిన ఒక స్థానికుడు గాయపడి బతికాడు. మనమూ ఒకటి కొనుక్కుంటే అన్న ఆలోచన అలాంటప్పుడు ఎవరికైనా వస్తుంది. కొనడానికి ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఎఫ్-1 విద్యార్థి వీసా, హెచ్-1బి ఉద్యోగ వీసా వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. శిక్ష 15 ఏళ్ల దాకా ఉండొచ్చు, దేశం నుంచి పంపేయడానికీ అది కారణమవుతుంది. రాష్ట్రంలో అనుమతి అక్కర్లేదన్న మాట విని ధైర్యపడితే పప్పులో కాలేసినట్టే. రాష్ట్ర చట్టం ఈ నిషేధాన్ని తొలగించలేదు. పెట్రోలు బంకులో పనిచేసే విద్యార్థి, యజమాని కౌంటరు కింద పెట్టిన తుపాకీని చేతిలోకి తీసుకోవడం కూడా పెద్ద చిక్కే. గ్రీన్‌కార్డు వచ్చాక ఈ అడ్డంకి తొలగిపోతుంది. దానికోసం భారతీయులు ఎన్నేళ్లు ఎదురుచూడాలో తెలిసిందే. మన రాష్ట్రాల్లో లైసెన్సు దొరకడమే గగనం, దొరికినవారు కూడా ఎన్నికల షెడ్యూలు రాగానే తుపాకీని పోలీసు స్టేషనులో జమ చేయాలి. అలాంటి చోటి నుంచి వెళ్లినవారికి అక్కడి స్వేచ్ఛ అబ్బురంగా ఉంటుంది. ఒలేథా ఘటన తర్వాత ఒక తెలుగు సంఘం తనవారికి ఇచ్చిన సలహాల్లో, బయట ఎవరితోనూ వాదనకు దిగవద్దు, రెచ్చగొడితే అక్కడినుంచి వెళ్లిపోండి, నిర్మానుష్య ప్రదేశాలకు ఒంటరిగా పోవద్దు అన్నవి ఉన్నాయి. మంచి తుపాకీ శిక్షకుడు మొదటి తరగతిలో చెప్పేవి కూడా అవే.

ఆ తరగతి ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఐచ్ఛికం. వెర్మాంట్‌లో అనుమతి పద్ధతి ఏనాడూ లేదు. 2003లో అలాస్కా, 2010లో అరిజోనా, 2021లో టెక్సస్, 2023లో ఫ్లోరిడా అనుమతి తప్పనిసరి అన్న నియమాన్ని తీసేశాయి. 2024లో సౌత్ కరోలినా, లూయిజియానా చేరాక అలాంటి రాష్ట్రాలు 29 అయ్యాయి. రాజ్యాంగ హక్కు వాడుకోవడానికి పరీక్ష పెట్టడమేమిటన్నది ఈ మార్పును సమర్థించేవారి వాదన. పేదవాడికి తరగతి రుసుమూ, ఒక రోజు కూలీ భారమే. ఆ మాటలో న్యాయముంది. దానికి పరిష్కారం ఉచిత శిక్షణ, శిక్షణే లేకపోవడం ఎలా అవుతుంది? అంగట్లో తుపాకీ కొన్న సాయంత్రమే చొక్కా కింద పెట్టుకుని బయల్దేరిన మనిషికి నాడా ట్రిగ్గర్‌లో ఇరుక్కుంటుందని చెప్పేవారెవరు, పోస్టాఫీసు పార్కింగు నిషిద్ధమని చెప్పేవారెవరు, తిట్టినవాణ్ణి పోనివ్వమని చెప్పేవారెవరు? బ్రూయెన్ తీర్పు కూడా శిక్షణను, నేరచరిత్ర పరిశీలనను తప్పు పట్టలేదు. ఆ తీర్పు తర్వాత న్యూయార్క్ 16 గంటల తరగతి, 2 గంటల కాల్పుల అభ్యాసం తప్పనిసరి చేసింది. ఇల్లినాయ్ 2013 నుంచే 16 గంటలు అడుగుతోంది. 2017 డిసెంబరులో ప్రతినిధుల సభ ఒక బిల్లును ఆమోదించింది: తమ రాష్ట్రంలో చట్టబద్ధంగా తుపాకీ దాచుకు తిరగగలవారు మిగతా రాష్ట్రాల్లోనూ తిరగవచ్చని. సెనేట్ దాన్ని చేపట్టలేదు, ఆ ప్రతిపాదన మాత్రం తర్వాతి సభల్లో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. అది చట్టమైతే 18 గంటలు కూర్చుని నేర్చుకున్న న్యూయార్క్ పౌరుడూ, ఒక్క గంటైనా నేర్చుకోని పరాయి రాష్ట్రపు సందర్శకుడూ అదే వీధిలో, అదే జనంలో, ఒకే హక్కుతో నడుస్తారు. ఎవరు ఎవరో పక్కన నడిచేవారికి తెలిసే దారి ఉండదు.